ముందొచ్చినవాడు

త్రిమూర్తులు ఇంటి గడపకూ, వీధి అరుగు మీద నడిచే బడికీ మధ్య పదకొండు అడుగుల దూరం. ఆ పదకొండు అడుగులూ నడవడానికి అతని కొడుకు చిన్నబ్బాయికి ఊళ్ళో అందరికన్నా ఎక్కువ సేపు పడుతోంది.

త్రిమూర్తులు కొబ్బరికాయల వ్యాపారి. కాయను చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల నీళ్ళెన్ని, కొబ్బరెంత, ఎన్నాళ్ళు నిలవుంటుందో చెప్పగలడు. కాట్రేనికోన దిగువన ఉన్న పాయల వెంబడి అతని మాట మీద పడవలు కదులుతాయి. పదేళ్ళ కొడుకు లోపల ఏముందో మాత్రం ఎంత ఆడించినా అతనికి చప్పుడు వినిపించడం లేదు.

బడిలో ఒక పద్ధతి ఉంది. ఇంకా వెలుగు రాకముందే పిల్లలు రావాలి. మొదట వచ్చినవాడి అరచేతిలో సోమన్న అయ్యవారు గంధంలో ముంచిన పుల్లతో శ్రీ రాస్తారు. రెండోవాడి అరచేతిలో సున్న చుడతారు. వాడికి మెప్పూ లేదు, దెబ్బా లేదు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన ఒక్కొక్కటే పెరుగుతుంది. ఇప్పుడు బడిలో పన్నెండు మంది. ఆఖరివాడికి పది దెబ్బలు. ఉప్పెన తర్వాత మూతపడిన బడి మళ్ళీ వైశాఖంలో తెరిచారు. అప్పట్నుంచి ఇప్పటి ఆశ్వయుజం దాకా ఆ పదీ చిన్నబ్బాయివే.

దెబ్బలు పైకి లెక్కపెట్టేది మిగతా పిల్లలు. చిన్నబ్బాయి కూడా వాళ్ళతో గొంతు కలిపి, తన దెబ్బలు తనే లెక్కపెట్టుకుంటాడు. అయ్యవారు తొమ్మిది దగ్గర చెయ్యి దించబోతే, పదో అంకె వాడే అని చెయ్యి చాపి ఉంచుతాడు.

ఎదురింటి జగ్గారావు పళ్ళు తోముకుంటూ రోజూ ఇది చూస్తాడు. ఆ ఉదయం ఊరుకోలేకపోయాడు.

"షావుకారు గారూ, మీ వాడికి బడి మరీ దూరమైపోయినట్టుందండి. ఓ ఎడ్లబండి కట్టించరాదా?"

త్రిమూర్తులు నవ్వేశాడు. నవ్వు ఖర్చులేని వస్తువు, బజారులో ఎవరికైనా ఇవ్వొచ్చు. లోపలికి వచ్చాక నవ్వు పోయింది. కొడుకు నడుముకు కట్టిన మొలతాడు జారిపోతోందని నిన్న భార్య బుచ్చమ్మ మరో ముడి వేసింది. ఈ ఏడాదిలో అది మూడో ముడి. అన్నం ముందు కూర్చుంటాడు, ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెడతాడు, లేచిపోతాడు. పోలవరం నుంచి వైద్యుణ్ణి పిలిపిస్తే నాడి చూసి ఒంట్లో ఏమీ లేదన్నాడు. ఒంట్లో లేనిదేదో ఈ పిల్లవాణ్ణి తినేస్తోంది. ఇలాగే సాగితే వచ్చే దసరాకి ఇంట్లో పిల్లవాడు ఉండడు. త్రిమూర్తులుకు ఆ సంగతి తెలుసు. తెలిసిన సంగతిని బుచ్చమ్మ ఎదట అనడం లేదు, అంతే.

మూలా నక్షత్రానికి మూడు రోజులుందనగా బడి ఇసుక మార్చారు. పిల్లలు వేలితో అక్షరాలు దిద్దే ఇసుక అది. విజయదశమి నాడు కొత్త పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారు కాబట్టి ఏటా ఆ ముందు పాత ఇసుక ఎత్తి పారబోసి పాయ నుంచి కొత్తది తెస్తారు. ఈసారి పాయ ఇసుక వద్దని ఇద్దరు ముగ్గురు గొణిగారు. మరి ఎక్కణ్ణుంచి తేవాలో వాళ్ళూ చెప్పలేదు.

పెద్దపిల్లలు తట్టలతో మోసుకొచ్చి అరుగు కింద పోశారు. అయ్యవారు జల్లెడ పట్టుకుని కూర్చున్నారు. ఆయనకు అరవై దాటాయి, చూపు మందగించి మనుషుల్ని గొంతు బట్టి పోల్చుకుంటారు. ఇసుక జారినంతసేపూ పిల్లలు వాగుతూనే ఉన్నారు. జల్లెడలో ఏదైనా గట్టిది టక్కుమన్నప్పుడు మాత్రం అందరి నోళ్ళూ ఒక్కసారి ఆగేవి. అయ్యవారు దాన్ని వేళ్ళతో తడిమి, "ఆల్చిప్ప" అనేవారు. మళ్ళీ మాటలు మొదలయ్యేవి. "చిప్ప పెంకు" అనేవారు. ఒకసారి చాలాసేపు తడిమి ఏమీ అనకుండా పక్కన పెట్టి పైపంచె కప్పారు. త్రిమూర్తులు వంగి చూశాడు. చిన్న కంచు మువ్వ. ఏ దూడ మెడలోదో అయ్యుంటుంది.

ఉప్పెన వచ్చి ఏడాది కావస్తోంది. బావుల్లో నీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నాయి. పాయ ఒడ్డు పొడవునా మొవ్వులు విరిగిన కొబ్బరిమానులు పందిరి లేని రాటల్లా నిలబడి ఉన్నాయి. అయినా పొలాలు మళ్ళీ పచ్చబడుతున్నాయి, పడవలు కొత్తవి కట్టుకుంటున్నారు. ఊరు లేచి నిలబడిందని నలుగురికీ తెలియాలంటే ఈ దసరా బడిపిల్లల ఊరేగింపు ఘనంగా జరగాలని త్రిమూర్తులు పట్టుబట్టాడు. వెదురు విల్లులు చేయించాడు. బాణాల కొసన పెట్టే బుక్కాపొడి అమలాపురం నుంచి తెప్పించాడు. పిల్లలున్న ప్రతి ఇంటి ముందూ ఆగి పాటలు పాడితే, ఆ ఇంటివాళ్ళు అయ్యవారికి బట్ట పెట్టి, పిల్లలకు పప్పూ బెల్లం పంచుతారు. ఏ వీధి తర్వాత ఏ వీధో అతనే వరస చెప్పాడు.

అయ్యవారు జల్లెడ ఆపి విన్నారు.

"పాయవీధి చెప్పలేదండి మీరు" అన్నారు.

"అక్కడ ఇప్పుడు బడిపిల్లలెవరున్నారండి?"

"ఇప్పుడు లేరండి."

"మానుతున్న పుండు మీద గోరు పెట్టడమెందుకు, అయ్యవారండీ. ఆ నాలుగిళ్ళ వాళ్ళూ ఈ పిల్లల్ని చూస్తే ఏమైపోతారు? మలుపు దగ్గర్నుంచే తిరిగిపోదాం."

అయ్యవారు "ఆయ్" అన్నారు. ఆయన ఆ మాట అన్నప్పుడు ఒప్పుకున్నట్టో, విన్నట్టో ఎవరికీ తెలియదు.

ఆ నాలుగిళ్ళ సంగతి త్రిమూర్తులు తన మనసులో ఎప్పుడో సర్ది పెట్టుకున్నాడు. ఆనాడు గాలి లేచినప్పుడు పాయ ఒడ్డున తన పాకలో ఉన్న ఎండుకొబ్బరి ఇంటి అటక మీదికి చేర్పించడానికి బడిపిల్లల్ని పంపమన్న మాట నిజం. బడికి అరుగిచ్చిన ఇంటికి పిల్లలు చేదోడుగా ఉండటం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. వెళ్ళిన ఏడుగురిలో ముగ్గురు చెట్లు పట్టుకుని బతికారు, నలుగురు రాలేదు. నీళ్ళు వస్తాయని ఎవరనుకున్నారు? ఈ మాట అతను ఏడాదిలో ఊళ్ళో అందరికీ చెప్పాడు. ఎవరూ కాదనలేదు. ఔనని కూడా ఎవరూ అనలేదు.

ఇసుక పరిచాక అతను అయ్యవారిని పక్కకు పిలిచి, పిల్లవాణ్ణి ఇక కొట్టొద్దని, ఆఖరున వచ్చినా ఊరుకోమని అడిగాడు.

"నేను కొట్టడం మానేస్తే వాడు బడికి రావడం మానేస్తాడండి" అన్నారు అయ్యవారు. "చదువు కోసం రావడం లేదు వాడు. ఆ దెబ్బల కోసమే వస్తున్నాడు."

"ఏం మాటండీ అది?"

అయ్యవారు చేతికంటిన ఇసుక దులుపుకుంటూ ఉండిపోయారు. ఎంత దులిపినా గోళ్ళలోది రాలేదు.

మర్నాడు తెల్లవారకముందే త్రిమూర్తులు లేచి, నడవలో ధాన్యం గాదె వెనక నిలబడ్డాడు. చిన్నబ్బాయి అప్పటికే లేచి ఉన్నాడు. స్నానం చేసి, విబూది పెట్టుకుని, తాటాకుల కట్ట చంకలో పెట్టుకుని వీధి తలుపు వెనక నిలబడి ఉన్నాడు. తలుపు సందులోంచి అరుగు కనిపిస్తుంది. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చినవాణ్ణల్లా వాడు పెదవులు కదిపి లెక్కపెట్టుకుంటున్నాడు. తొమ్మిది. పది. పదకొండోవాడు పరిగెత్తుతూ వచ్చి అరుగెక్కాడు. ఇక అందరూ వచ్చేసినట్టే. త్రిమూర్తులు కొడుకు అడుగు వేస్తాడని చూశాడు.

వాడు కదల్లేదు. తల కాస్త పక్కకు తిప్పి, సందులోంచి పాయ వైపు బాటను చూస్తున్నాడు. బాట మీద ఎవరూ లేరు. పొగమంచు నేలకు ఆనుకుని ఉంది. వాడు చూస్తూనే ఉన్నాడు. అటునుంచి ఒక కుక్క వచ్చి వెళ్ళిపోయింది. తూర్పున ఎరుపు పొడిచాక, ఎవరో అనుమతి ఇచ్చినట్టు నిట్టూర్చి, గడియ మీద చెయ్యి వేశాడు.

త్రిమూర్తులు వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పదకొండు మందీ వచ్చేశారు కదరా. ఇంకెవరి కోసం?"

చిన్నబ్బాయి ఉలిక్కిపడలేదు. తండ్రి ఏదో తెలిసిన సంగతే అడిగినట్టు మొహం పెట్టాడు.

"అప్పన్న ఇంకా రాలేదు నాన్నా. వాడు నాకన్నా ముందు."

అప్పన్న పడవ సరంగు ఏడుకొండలు కొడుకు. పాకకు వెళ్ళి తిరిగిరాని నలుగురిలో ఒకడు.

త్రిమూర్తులు కొడుకు చెయ్యి వదిలేశాడు. ఇలాంటివాటిని మొదట్లోనే తుంచెయ్యాలనుకున్నాడు. పుచ్చు పట్టిన కాయను రాశిలోంచి వెంటనే తీసెయ్యకపోతే రాశంతా పోతుంది. ఆ రోజంతా ఆలోచించి, అతనికి తోచిన వైద్యం అతను చేశాడు. మర్నాడు ఇంకా ఒక్క పిల్లవాడూ రాకముందే కొడుకును రెక్క పట్టుకుని పదకొండు అడుగులూ నడిపించి, అరుగు మీద అయ్యవారి ఎదట నిలబెట్టాడు. బుచ్చమ్మ దీపం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఏవండీ, వాణ్ణి వదిలెయ్యండని అంటూనే ఉంది.

"ఇవాళ మావాడు ముందొచ్చాడు. రాయండి."

అయ్యవారు గంధం గిన్నె అందుకున్నారు. పుల్ల ముంచారు. చిన్నబ్బాయి గుప్పిలి బిగించాడు. త్రిమూర్తులు ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోయాడు. పదేళ్ళ పిల్లవాడి వేళ్ళల్లో అంత బలం ఉంటుందని అతను అనుకోలేదు. చూపుడువేలు తెరిస్తే చిటికెనవేలు మూసుకుంటోంది. పిల్లవాడు ఏడవడం లేదు, అరవడం లేదు, మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది. కాసేపటికి కాళ్ళు వదిలేసి ఇసుకలో కూలబడ్డాడు. బుచ్చమ్మ వచ్చి ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. వెళ్తూ మొగుడి వంక చూసిన చూపుకు అతను తల తిప్పుకున్నాడు.

అరుగు మీద ఇద్దరూ మిగిలారు. అయ్యవారు గంధం పుల్లను పంచె అంచుకు తుడిచి గిన్నె పక్కన పెట్టారు.

"ఉప్పెనకు వారం ముందు మీరొక మాటన్నారు. గుర్తుందాండి?" అని అడిగారు.

గుర్తులేదన్నాడు త్రిమూర్తులు.

"నా అరుగు మీద బడి నడుస్తుంటే నా కొడుక్కే సున్న చుడతారా అయ్యవారూ, అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను నవ్వులాటగా తీసుకోలేదండి. అరుగు మీది. నేను తినే గింజలు మీవి." ఆయన ఇసుక మీద అరచేత్తో నిమురుతున్నారు. "ఉప్పెన రోజు పొద్దున్న అప్పన్న ముందొచ్చేడు. అవతలి గట్టు మీంచి పరిగెత్తుకొచ్చేడేమో, రొప్పుతున్నాడు. ఆ వెనక మీవాడొచ్చేడు. నేను మీవాడి చేతిలో శ్రీ రాసి, అప్పన్న చేతిలో సున్న చుట్టేను. అప్పన్న ఏమీ అనలేదండి. చేతి వంక చూసుకున్నాడు, నా వంక చూసేడు. మీవాడే అన్నాడు, అయ్యవారండీ, అప్పన్న ముందొచ్చేడండి అని. నేను నోర్ముయ్యమన్నాను."

త్రిమూర్తులు తన ఇంటి గుమ్మం వైపు చూశాడు.

"మధ్యాహ్నం మీ దగ్గర్నుంచి కబురొచ్చింది, పెద్దపిల్లల్ని పాకకు పంపమని. పెద్దపిల్లలు ఎనిమిది మంది. శ్రీ పడినవాడు చిన్నపిల్లలకు దిద్దించడానికి నా దగ్గరుండాలి, అది పద్ధతి. మిగతా ఏడుగురినీ పంపేను." ఆయన గొంతు పెరగలేదు, తగ్గలేదు. "నోరు ముయ్యడం మీవాడు బాగా నేర్చుకున్నాడండి. నేను చెప్పినదాంట్లో అంత బాగా ఏదీ నేర్చుకోలేదు."

ఆపైన మూడు రోజులు త్రిమూర్తులు పనులన్నీ మామూలుగానే చేశాడు. కాయలు చూశాడు, పడవవాళ్ళతో మాట్లాడాడు. మూలా నక్షత్రం నాడు పీట మీద తాటాకు పుస్తకాలు పేర్చి, సరస్వతికి పూజ చేస్తుంటే అందరితో పాటు అక్షతలు వేశాడు. లోపల మాత్రం తక్కెడ రెండు తట్టలూ ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. ముసలాయన చెప్పడు, పిల్లవాడు చెప్పలేడు. తను చెప్పకపోతే ఇది ఇక్కడే ఆగిపోతుంది. చెపితే ఏడుకొండలు లాంటి సరంగు మళ్ళీ తన సరుకు ఎత్తుతాడా, ఈ వీధుల్లో తన మాటకు విలువుంటుందా? ఒక తట్టలో ఇంత ఉంది. రెండో తట్టలో మొలతాడుకు మూడు ముళ్ళు పడ్డ పిల్లవాడున్నాడు. ఏ తట్ట బరువైనదో కళ్ళకు కనిపిస్తూనే ఉంది. అయినా చెయ్యి దించలేకపోయాడు. జీవితంలో ఏ బేరానికీ అతను ఇంతసేపు తీసుకోలేదు.

మహర్నవమి నాడు ఊరేగింపు బయలుదేరింది. పిల్లలకు కొత్త పంచెలు, నుదుట కుంకుమ, చేతుల్లో వెదురు విల్లులు. ముందు అయ్యవారు, ఆయన చెయ్యి పట్టుకుని ఒక పిల్లవాడు. చిన్నబ్బాయి వరసలో ఆఖరున. త్రిమూర్తులు పక్కన నడుస్తున్నాడు. ప్రతి ఇంటి ముందూ ఆగి పిల్లలు పాడుతున్నారు, బాణాలు లాగి వదిలితే బుక్కాపొడి ఎర్రగా రేగి ఇంటివాళ్ళ మొహాల మీద పడుతోంది, నవ్వుతున్నారు. జగ్గారావు మీసాలు ఎర్రబడితే పిల్లలు విరగబడి నవ్వారు. ఊరు లేచి నిలబడ్డట్టే ఉంది.

పాయవీధి మలుపు దగ్గర అయ్యవారి చెయ్యి పట్టుకున్న పిల్లవాడు ముందే చెప్పిన ప్రకారం ఎడమకు తిరిగాడు. అక్కడ మలుపులో మంగాయమ్మ నిలబడి ఉంది. అప్పన్న తల్లి. చేతిలో ఇత్తడి పళ్ళెం, మీద అరిటాకు కప్పి ఉంది.

"ఏం అయ్యవారూ, మా వీధికి దారి మర్చిపోయేరా అండి?" అంది.

పాట ఆగిపోయింది. అయ్యవారు గొంతు పోల్చుకుని, త్రిమూర్తులు ఉన్న వైపు మొహం తిప్పారు. మాట అతనే చెప్పాల్సి వచ్చింది. ఈ పిల్లల్ని చూస్తే మీకు బాధ కలుగుతుందని, అందుకే ఈ ఏడాదికి ఇటు వద్దనుకున్నామని మెల్లిగా చెప్పాడు.

"బాధ ఏడాది బట్టీ మా ఇంట్లోనే ఉందండి, షావుకారు గారూ. మీరు రాకపోతే లేచి పోద్దా?" ఆమె గొంతులో కోపం లేదు. "పొద్దున్నుంచీ నలుగురం సెనగపప్పు వేయించుకుని కూచున్నాం. పోయినోళ్ళు మా పిల్లలు. మా గడపలేం చేసేయి?"

అప్పుడు చిన్నబ్బాయి వరసలోంచి బయటికి వచ్చాడు. విల్లు కింద పెట్టాడు. నడిచి వెళ్ళి మంగాయమ్మ ఎదట నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మెడ నరాలు లేచాయి. త్రిమూర్తులు చెయ్యి కొడుకు భుజం మీదికి వెళ్ళింది. వెనక్కి లాగడానికే వెళ్ళింది. భుజం తగిలాక చెయ్యి ఆగిపోయింది. కొత్త పంచె కింద ఉత్త ఎముక.

"వాడు చెప్పలేకపోతున్నాడమ్మా, నేను చెప్తాను" అన్నాడు త్రిమూర్తులు.

చెప్పాడు. తూకంలో వేలు పెట్టకుండా చెప్పాడు. తను ఆడిన మాట, అయ్యవారు రాసిన శ్రీ, చుట్టిన సున్న, ఎనిమిది మందిలో ఎవరు ఆగారో, ఎందుకు ఆగారో. ఆగవలసినవాడు అప్పన్న అనీ, వెళ్ళవలసినవాడు తన కొడుకనీ. చెప్తున్నంతసేపూ నేల వంకే చూశాడు. అయిపోయాక ఆమె పళ్ళెం విసురుతుందనుకున్నాడు, శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. వాటికి సిద్ధపడే ఉన్నాడు.

మంగాయమ్మ పళ్ళెం కింద పెట్టింది. మోకాళ్ళ మీద కూలబడి చిన్నబ్బాయి రెండు చేతులూ పట్టుకుంది.

"ముందొచ్చేడా మావోడు?"

చిన్నబ్బాయి తల ఊపాడు.

"నీకన్నా ముందేనా? నిజం చెప్పు బాబూ. ఎంత ముందు?"

"నేను వచ్చేసరికే అరుగెక్కి కూచున్నాడు అత్తా." మాట బొంగురుగా, పగిలి వచ్చింది. "చెమట తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి నాలుక బయటపెట్టేడు."

ఆమె ఏడుపో నవ్వో తెలియని చప్పుడు చేసింది. ఎవరితో అంటోందో తెలియకుండా అనడం మొదలుపెట్టింది. "ఆయాళ పొద్దున్న పరిగెత్తబోతుంటే జుట్టు పట్టుకుని ఆపేనండి. చద్ది తాగి పోరా అని. ఆలస్యమైపోద్దే అమ్మా, వదలవే అన్నాడు. నేను వదల్లేదు. ముంతడు తాగేదాకా వదల్లేదు. నా మూలాన్నే ఆలస్యమై వెనకపడ్డాడు, అందుకే మోతకి పంపేరు అనుకున్నానండి. ఏడాది బట్టీ నా చేత్తో నేనే పంపేననుకున్నాను. మా ఇంటాయనకి కూడా చెప్పుకోలేదు." ఆమె మళ్ళీ పిల్లవాడి వైపు తిరిగింది. "చద్ది తాగి కూడా ముందొచ్చేసేడన్నమాట."

"ఆయ్" అన్నాడు చిన్నబ్బాయి.

త్రిమూర్తులు చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆమె అతని వైపు చూడనే లేదు. అతను మోసుకొచ్చిన మూటను ఆమె విప్పి, తనకు కావలసింది తీసుకుంది. మిగిలింది అతని కాళ్ళ దగ్గరే ఉంది.

ఈలోగా మిగతా మూడు గుడిసెల్లోంచీ మనుషులు వచ్చారు. చిన్నతల్లి వచ్చింది, సావిత్రి వచ్చింది, కోడలు కూడా పోయి ఒంటరిగా మిగిలిన ముసలి దుర్గమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. మంగాయమ్మ వాళ్ళతో ఒకటే మాట చెప్పింది. ఈ పిల్లోడికి ఆ పొద్దున్న అంతా గుర్తుందే.

నలుగురూ చిన్నబ్బాయి చుట్టూ నేల మీద కూర్చున్నారు. చిన్నతల్లి తన కొడుకు ఎన్నోవాడుగా వచ్చాడని అడిగింది. నాలుగోవాడు, బొటనవేలికి దెబ్బ తగిలి కుంటుతూ వచ్చాడు, గుడ్డపీలిక కట్టి ఉంది. ఆ పీలిక తను కట్టిందేనని చిన్నతల్లి పక్కవాళ్ళకు చెప్పింది. సావిత్రి కొడుకు ఆరోవాడు. నాలుగు దెబ్బలు పడ్డాయా అని ఆమె అడిగితే, గట్టిగా కాదు, ఆ రోజు అయ్యవారు మెల్లిగానే కొట్టారని చెప్పాడు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఏ ఎక్కం అప్పజెప్పారు, దాంట్లో ఎవరు తప్పారు, ఎవరి తాటాకు మీద ఎవరు బొమ్మ గీశారు, ఒక్కొక్కటే వాడు చెపుతున్నాడు. ఏడాదిగా లోపల మడత నలగకుండా దాచిన బట్టల్లా తీసి ఇస్తున్నాడు. చెపుతూ చెపుతూ, చూసుకోకుండానే పళ్ళెంలోంచి పప్పు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఊరేగింపులో పిల్లలూ దగ్గరికి జరిగి కూర్చున్నారు. అయ్యవారు నిలబడ్డచోటే నిలబడి తల వంచుకుని వింటున్నారు.

దుర్గమ్మ మాత్రం ఏమీ అడగలేదు. ఆమె మనవడు ముత్యాలరాజు గురించి వాడు చెప్పింది విని, తల పంకించి, కాసేపు కర్రతో నేల మీద గీతలు గీసింది. ఆ తర్వాత త్రిమూర్తులు వైపు తిరిగింది. ఆమె కళ్ళు పొరలు కమ్మి ఉన్నా, అతను ఎక్కడున్నాడో సరిగ్గా తెలిసినట్టే చూసింది.

"బడిలో సంగతి పిల్లోడు చెప్పేడు. పాక కాడ సంగతి మీరు చెప్పాలండి."

"ఏం చెప్పమంటావమ్మా?"

"పిల్లల్ని పంపమని కబురెట్టినప్పుడు మీరు పాక కాడే ఉన్నారు కదండి. పాయ నీళ్ళు అప్పటికి ఎందాకా వచ్చేయండి?"

నీళ్ళు వస్తాయని ఎవరనుకున్నారమ్మా అన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఏడాదిగా వాడి వాడి అరిగి నున్నబడిన మాట, దానంతటదే వస్తుంది. చిన్నబ్బాయి నమలడం ఆపి తండ్రి వంక చూస్తున్నాడు. వాడు ఇలా సూటిగా చూసి ఎన్నాళ్ళయిందో.

పాక గుమ్మానికి అయిదు మెట్లుండేవి. త్రిమూర్తులు ఆ రోజు గుమ్మంలో నిలబడి కిందికి చూశాడు. చూశాకే కబురు పెట్టాడు. చూడకపోతే ఎండుకొబ్బరి కదిలించాల్సిన అవసరమే లేదు.

"మెట్లెక్కుతున్నాయమ్మా" అన్నాడు.

"ఎన్నో మెట్టండి?"

"రెండోది మునిగింది."

పాయ మీంచి గాలి వచ్చి పిల్లల బట్టల మీది బుక్కాపొడిని కొంచెం లేపి దించింది. చిన్నతల్లి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. దుర్గమ్మ అడిగినదానికి జవాబు దొరికినట్టు తల ఊపింది. చేతికర్ర పక్కకు తీసి, తన ఎదట నేల మీద కాస్త చోటు చేసింది.

"కూకోండి" అంది. "అక్కణ్ణుంచి చెప్పండి."

త్రిమూర్తులు కూర్చున్నాడు.